గోల్‌బర్న్ పాఠశాలల మూత

పాఠశాల మూతపడినపుడుగాని దాని విలువ ఊరివారికి పూర్తిగా తెలియదు. ఆస్ట్రేలియాలో సిడ్నీకి నైరృతి దిక్కున సుమారు 200 కిలోమీటర్ల దూరముననున్న గోల్‌బర్న్ పట్టణమున 1962లో జరిగిన వృత్తాంతము ఇందుకు నిదర్శనము.

న్యూ సౌత్ వేల్స్ ప్రభుత్వము 1880 నాటి విద్యాశాసనముచే మతసంస్థల పాఠశాలలకు ధనసహాయమును నిలిపివేయ నిశ్చయించెను. 1882 చివరకు ఆ సహాయము పూర్తిగా ఆగిపోయెను. కథోలికులు తమ బడులను విడువలేదు. ఐర్లండు నుండి 1859లోనే గోల్‌బర్న్‌కు వచ్చిన కన్యాస్త్రీల వంటివారు స్వల్ప భృతితో బోధించుటచేతనే అవి నిలిచెను. తలిదండ్రులు సర్కారు బడులకై పన్నులును, తమ బడులకై రుసుములును చెల్లించుచు వచ్చిరి.

రెండవ ప్రపంచయుద్ధానంతరము జననములు హెచ్చెను; ఐరోపా నుండి వలస వచ్చినవారి బిడ్డలును చేరిరి. తరగతులు క్రిక్కిరిసెను. కన్యాస్త్రీలు చాలకపోగా, జీతమిచ్చి ఇతర ఉపాధ్యాయులను నియమింపవలసి వచ్చెను.

ఇట్టి స్థితిలో ఒక కథోలిక ప్రాథమిక పాఠశాలకు మరి మూడు మరుగుదొడ్లు కట్టవలెనని అధికారులు పట్టుబట్టిరి. కోరిక చిన్నదే, న్యాయమైనదే. కాని ధనమేది? 1962 జులైలో తలిదండ్రులు సభ చేరిరి. కొందరు వలదనినను, అధిక సంఖ్యాకులు పట్టణములోని కథోలిక పాఠశాలలన్నింటిని మూసి, బిడ్డలను సర్కారు బడులకు పంప తీర్మానించిరి. జులై 13వ తేదీన బడులు మూతపడెను.

16వ తేదీ సోమవారము ఉదయమున బాలబాలికలు తమ తమ దుస్తులతోనే సర్కారు బడుల వాకిళ్ల ముందు నిలిచిరి. మూతపడిన బడులలోని విద్యార్థులు సుమారు రెండువేలు. చోటు దొరకినది 640 మందికి మాత్రమే. తక్కినవారు ఇండ్లకు మరలిరి. ఇరుగుపొరుగుల నడుమ పాత మతవైషమ్యములు మరల రేగునేమో యను భయమును లేకపోలేదు. ఒక వారము గడచునంతలో పెద్దలు బడులను తిరిగి తెరువ నిశ్చయించిరి. పిల్లల చదువు చెడరాదనుటయే అందరికిని ముఖ్యము.

ఆ వారము వృథా పోలేదు. కథోలిక బడులు లేనిచో ప్రభుత్వముపై ఎంత భారము పడునో దేశమంతయు గ్రహించెను. 1963 ఎన్నికలలో ప్రధాని రాబర్ట్ మెంజీస్ అన్ని రకముల ఉన్నత పాఠశాలల విజ్ఞానశాస్త్ర ప్రయోగశాలలకును ధనసహాయము వాగ్దానము చేసెను. 1964లో అది శాసనమయ్యెను. ప్రజాధనము మతసంస్థల బడులకు చెల్లదని వాదించినవారును ఉండిరి. వారి వ్యాజ్యమును 1981లో ఆ దేశ ఉన్నత న్యాయస్థానము త్రోసివేసెను. అయినను ఆ చర్చ నేటికిని ముగియలేదు.

ఉభయ పక్షముల వాదములను మనము గౌరవింపవచ్చును. ఒకటి మాత్రము మరువరాదు: ఆ బడులను ఎనుబదేండ్లు నిలిపినది ప్రభుత్వ ధనము కాదు, సామాన్యుల చందాలును, బోధకుల త్యాగమును. కాని త్యాగమునకును ఒక హద్దు కలదు. దానినే నమ్ముకొని ఊరకున్న సంస్థ మూడు మరుగుదొడ్ల ఖర్చుకే తలవంచవలసి వచ్చును. ఊరి చందాలతో, కొందరి స్వచ్ఛంద సేవతో ఇరువదియైదేండ్లు నడచిన మన గ్రంథాలయము ఈ రజతోత్సవ వేళ తలచుకొనదగిన విషయమిదియే. తలుపు మూతపడిన పిదప విచారించుటకంటె, అది తెరచియుండగనే తలకొక చేయి వేయుట మేలు.