కోరంగి రేవు - ఉప్పెనలు

గౌతమీ గోదావరి సముద్రమున గలియుటకు ముందు ఉత్తరముగా విడిచిన యొక చిన్న పాయ యొడ్డున, యానామునకు సమీపమున కోరంగి యున్నది. నేడిది తాళ్లరేవు మండలములోని యొక గ్రామము. 18వ శతాబ్ది చివరను, 19వ శతాబ్ది పూర్వార్ధమునను ఇది తూర్పుతీరమున ఓడలు కట్టుటకును బాగుచేయుటకును పేరొందిన రేవుపట్టణము. 1802లో నౌకల మరమ్మతునకై యిచట గోదీ నిర్మింపబడెను. నైరృతి ఋతుపవనకాలమున కలకత్తాకును ట్రింకోమలీకిని నడుమ ఓడ కలతలేక నిలువదగిన నీరు ఈ యఖాతముననే కలదని నావికు లెన్నెడివారు. ఇచటి రేవు నుండి ఓడ లెక్కిపోయిన కారణమున బర్మాలో తెలుగువారిని ‘కోరంగీలు’ అని పిలిచెడివారు. ఒక యూరి పేరు జాతికంతటికిని పేరగుట సామాన్యమైన విషయము కాదు.

ఇట్టి పట్టణ మేల నశించెను? అడిగినవారికెల్ల దొరకు ప్రత్యుత్తర మొక్కటే: 1839 ఉప్పెన. ఆ యేటి నవంబరు మాసమున 40 అడుగుల కెరటము వచ్చి 20,000 ఓడలను ముంచి 3 లక్షల జనమును పొట్టబెట్టుకొన్నదనియు, నాటితో కోరంగి కథ ముగిసినదనియు వాడుక. లోకములోని ఘోరవిపత్తులను పేర్కొను పట్టికలలో సయితము ఈ యంకెలే స్థిరపడినవి. వీనిని పరీక్షింపక గ్రహించుట చరిత్రకారునకు తగదు.

నాటి రాజమహేంద్రవరము జిల్లా యంతటి జనసంఖ్యయే ఏడెనిమిది లక్షలకు మించినది కాదు. అందు 3 లక్షలు ఒక్క రాత్రి నశించినచో జిల్లాలో ఇంచుమించు సగము పాడుపడవలెను. 1864 నవంబరు 1వ తేదీ రాత్రి బందరును ముంచిన ఉప్పెన సుమారు 13 అడుగుల యెత్తు లేచి దాదాపు 30,000 మందిని బలిగొనెను. బందరు కోరంగికంటె మిక్కిలి పెద్ద పట్టణము. 1977 నవంబరు 19న దివిసీమపై వచ్చిన ఉప్పెన సుమారు 5 మీటర్లు. చనిపోయినవారు ప్రభుత్వపు లెక్క ననుసరించి పదివేల పైచిలుకు. వీనితో పోల్చిచూడగా 40 అడుగులును 3 లక్షలును నమ్మదగినవిగా తోపవు. ఇక 20,000 ఓడలన్ననో, కాకినాడ యఖాతమున నావలు డోనెలు అన్నియు గూర్చినను అంత సంఖ్య నమ్మదగినదిగా తోపదు.

ఈ సంఖ్య యెచటినుండి వచ్చినది? కలకత్తాలో నుండిన హెన్రీ పిడింగ్టను పూర్వపు తుపానులను గూర్చి వ్రాయుచు, 1789 డిసెంబరులో కోరంగిపై మూడు మహాతరంగములు ఒకదాని వెంట నొకటి వచ్చెననియు, 20,000 మంది మృతిచెందిరనియు తెలిపెను. 1787 మే నెలలో కోరంగి, ఇంజరము ప్రాంతములను ముంచిన ఉప్పెనకును కొందఱు ఈ 20,000 నే తగిలింతురు. ఒకే యంకె ఒకచోట మనుష్యులుగాను మఱియొకచోట ఓడలుగాను కనబడుటచే, మూడు విపత్తుల కథలు చేతులు మాఱుచు నొకదానిలో నొకటి కలిసిపోయినవని యూహించుట యసంగతము కానేరదు. ఇందువలన 1839 నాటి కష్టము స్వల్పమని భావింపరాదు. పిడింగ్టను దానిపై ప్రత్యేకముగా నొక వ్యాసమునే ప్రకటించెను. 1848లో ఆయన తన నావికగ్రంథమున ‘సైక్లోను’ అను మాటను కల్పించెను. నేడు లోకమంతయు వాడు నీ మాట పుట్టుటకు తోడ్పడిన తుపానులలో కోరంగి తుపాను ఒకటి యనుట సత్యము.

1839తో రేవు ముగిసినదను మాట మాత్రము నిలువదు. 1843లో కోరంగి పేరనే వ్యవహరింపబడిన యొక ఓడ తెలుగు కూలీలను మారిషస్సునకు చేర్చెను. పిదప చాలకాలము ఓడలపని, వర్తకము సాగుచునే యుండెను. పట్టణమును దిగజార్చినది కెరటము కాదు, ఇసుక. గోదావరి యేటేట తెచ్చు ఒండ్రు పాయముఖమున మేట వేసెను. గట్టు ముందునకు జరిగెను. పెద్ద ఓడలు లోనికి రాలేకపోయెను. అమెరికా అంతర్యుద్ధకాలమున, అనగా 1861 మొదలు 1865 వఱకు, ప్రత్తి వర్తకము పెరిగి కాకినాడ రేవు వృద్ధిచెందగా కోరంగి వెనుకబడెను. ఆ శతాబ్ది చివరికి దాని వైభవము అడుగంటెను. 1789 నాటి వృత్తాంతములోనే యొక విశేషము గలదు. సముద్రము వెనుకకు పోవునపుడు ఇసుకయు బురదయు కుప్పలుగా విడిచిపోయినందున శవములను వెదకుటకే వీలులేకపోయెనట.

ఆ యిసుకయే మఱియొక పని గూడ చేసినది. గోదావరి ముఖమునుండి ఉత్తరముగా సుమారు 16 కిలోమీటర్ల పొడవున సాగిన హోపు ఐలాండు అను ఇసుకదిన్నె సుమారు రెండు శతాబ్దులలో నేర్పడినదే. అది అఖాతమునకు వెలిగోడవలె నిలిచి కాకినాడను కెరటములనుండి కాచుచున్నది. దాని యుత్తరమున నున్న ఉప్పాడకు మాత్రము ఆ రక్షణ లేదు. అచట సముద్రము ఊరినే కోసికొనిపోవుచున్నది. దిన్నెకు వెనుక, ఒండ్రుపై నల్లమడ, తెల్లమడ, తిల్ల మున్నగు చెట్లతో మడయడవి పెరిగెను. 1978లో ఇందు 235 చదరపు కిలోమీటర్ల మేర అభయారణ్యముగా ప్రకటింపబడెను. రేవును పూడ్చిన మట్టియే నేడు ఊళ్లకు అడ్డుగోడయైనది. వంటచెఱకునకై మడను నఱికివేయువారు ఈ సంగతి నెఱుగుట మేలు.

అపాయము మాత్రము తొలగలేదు. బంగాళాఖాతపు సుడిగాలి అపసవ్యముగా తిరుగుచుండును. కావున అది తీరము దాటిన చోటికి ఉత్తరమున గాలి సముద్రమునుండి నేలమీదికి వీచి నీటిని త్రోయును. కోరంగికి కొంచెము దక్షిణమున దాటు తుపానే కోరంగికి మిక్కిలి ప్రమాదకరము. తీరమున లోతు తక్కువ, నేల పల్లము. త్రోయబడిన నీటికి ఎత్తు పెరుగుట తప్ప వేఱుదారి లేదు. మే నెల యొకటి, అక్టోబరు మొదలు డిసెంబరు వఱకు గల కాలమొకటి, భయపడవలసిన ఋతువులు. పైన చెప్పిన మూడు విపత్తులును ఈ మాసములలోనివే.

1996 నవంబరు 6వ తేదీ రాత్రి వచ్చిన తుపాను సరిగా నిట్లే కాకినాడకు దక్షిణమున సుమారు 50 కిలోమీటర్ల చోట తీరము దాటెను. వేయిమంది దాకా మరణించిరి. భైరవపాలెము, బలుసుతిప్ప మొదలగు రేవుపల్లెలు మిక్కిలి దెబ్బతినెను. చనిపోయినవారిలోను కనబడకపోయినవారిలోను చాలమంది వేటకు పోయి పడవలలో సముద్రముమీద నుండినవారు.