తీగె మీద మిగిలిన ఆరు

పోయిన సంక్రాంతికి ప్రొద్దుటూరు ఇంట్లో ఉన్నప్పుడు ఫోన్‌లో ఒక చైనా సంగీతం పెట్టుకుని వింటున్నాను. నోటి పాట కాదు. అర్‌హు అనే రెండు తీగెల వాద్యం, కమానుతో వాయించేది. వంటింట్లోంచి అమ్మ అడిగింది: "ఎవురురా అది? పీనుగ కాడ తత్వం పాడినట్ల ఉండాదే."

ఎగతాళికి అన్నది కాదు. మా వైపు చావింట్లో తెల్లవార్లూ తత్వాలు పాడతారు. అమ్మ చెవికి ఏం తగిలిందో గాని, నేను పదిసార్లు విన్నా పట్టుకోలేనిది ఆమె కూరగాయలు తరుగుతూ పట్టేసింది. స్వరాలు వేరు, దేశం వేరు. కాని ఒక స్వరాన్ని సాగదీసి సాగదీసి, అది తెగిపోతుందేమో అని మనం భయపడేదాకా తీసుకుపోయి వదలడం మాత్రం అచ్చం మా జేజినాయన పద్ధతి.

ఆ వాయించిన మనిషి పేరు హువా యాన్‌జున్. అందరూ అబింగ్ అనేవాళ్లు. షాంఘైకి దగ్గర్లోని వూషీ ఊరు. దావో మత ఆలయంలో పూజారీ, వాద్యకారుడూ. తర్వాత ఆలయం పోయింది, చూపు పోయింది. వీధుల్లో వాయిస్తూ, ఊళ్లో సంగతుల్ని పాటలు కట్టి పాడుతూ బతికాడు. అదే ఊరివాడైన సంగీత చరిత్రకారుడు యాంగ్ యిన్‌ల్యూ, తన సహోద్యోగి త్సావ్ అన్హతో కలిసి 1950 ఎండాకాలంలో ఆయన్ని వెతుక్కుంటూ వెళ్లాడు. టేపు కూడా కాదు, సన్నటి ఉక్కు తీగె మీద ధ్వనిని ముద్రించే యంత్రం వాళ్ల దగ్గర ఉన్నది. అబింగ్ అప్పటికి వాద్యం ముట్టి చాలా కాలమైంది, సొంత వాద్యం కూడా లేదు. అరువు తెచ్చి ఇచ్చారు. చెయ్యి కుదురుకోవడానికి కొన్నాళ్లు సాధన చేసి వాయించాడు. అర్‌హు మీద మూడు, పిపా అనే వీణలాంటి వాద్యం మీద మూడు. మొత్తం ఆరు. మళ్లీ వచ్చి మిగతావి ఎక్కిద్దామనుకున్నారు. డిసెంబరులో అబింగ్ చనిపోయాడు.

ఈ రోజు చైనాలో అర్‌హు నేర్చుకునే ప్రతి పిల్లా పిల్లవాడూ ఆ ఆరింటిలో ఒకదాన్ని నేర్చుకోక తప్పదు. 'రెండో ఊట మీద వెన్నెల' అని దాని పేరు. ఆ పేరు కూడా రికార్డింగప్పుడు మాటల్లో కుదిరిందేనట. అంతవరకూ అది ఆయన వాయించుకునే ఒకానొక వరస, అంతే.

ఇంక మా సంగతి. మా జేజినాయనది జమ్మలమడుగు దాటి పెన్నేటి ఒడ్డు ఊరు. సేద్యగాడు. ఒక చేత తంబూర, ఇంకో చేత చిడతలు పట్టుకుని బ్రహ్మంగారి తత్వాలు పాడేవాడు. పోతులూరి వీరబ్రహ్మం సమాధి ఉన్న కందిమల్లాయపల్లె ప్రొద్దుటూరు నుంచి మైదుకూరు మీదుగా పోతే వస్తుంది. ఆయన శిష్యుడు సిద్దయ్య దూదేకుల ఇంట్లో పుట్టినవాడు. జేజినాయన జట్టులోనూ ఒక దూదేకులాయన ఉండేవాడు, ఒక మాల దాసరి ఉండేవాడు. మామూలు రోజుల్లో ఒకరింట్లో ఒకరు నీళ్లు తాగని ఆ ఊళ్లో పీనుగ దగ్గర మాత్రం ముగ్గురూ ఒకే చాప మీద కూర్చునేవాళ్లు. దీన్ని పొగడ్తగా చెప్పడం లేదు. తెల్లవారితే చాప ఎవరిది వాళ్లు చుట్టుకునేవాళ్లు.

పాడే పద్ధతిలో ఒక కిటుకు ఉండేది. పల్లవి చివరి అక్షరాన్ని జేజినాయన సాగదీస్తాడు. ఆ ఊపిరి తెగే లోపల వంతవాళ్లు అందుకోవాలి. ముందే అందుకుంటే తిట్టేవాడు, ఆలస్యమైతే ఇంకా తిట్టేవాడు. రాత్రి పన్నెండు దాటాక ఆ అందుకోవడం ఎంత సన్నగా జరిగేదంటే, ఎవరి గొంతు ఎక్కడ ఆగి ఎవరి గొంతు ఎక్కడ మొదలైందో తెలిసేది కాదు.

1997లో కువైట్ నుంచి మా చిన్నాయన రెండు క్యాసెట్లు పట్టే టేప్‌రికార్డర్ తెచ్చాడు. మొదట జేజినాయన గొంతే పట్టాం, అరవై నిమిషాల క్యాసెట్టు రెండు వైపులా. ఆయన విని "నా గొంతు ఇట్ల ఉంటాదా?" అని నవ్వినాడు. ఆ సంవత్సరమే 'ప్రేమించుకుందాం రా' వచ్చింది. నాకు పన్నెండేళ్లు. కొత్త క్యాసెట్టు కొనడానికి డబ్బుల్లేవు. స్నేహితుని దగ్గర పాటల క్యాసెట్టు తెచ్చి, ఇంట్లో కనిపించిన క్యాసెట్టు మీద ఎక్కించాను. రెండు వైపులా. మా సీమ ఫ్యాక్షన్ సినిమా పాటల కింద మా సీమ తత్వం పోయింది. 2003లో జేజినాయన పోయాడు. తెల్లవార్లూ పాడారు కాని పట్టడానికి ఎవరికీ గుర్తు రాలేదు.

మన దగ్గర మాటలను కాపాడినవాళ్లు లేకపోలేదు. బ్రౌన్ 1820లో కడపకి ఉద్యోగానికి వచ్చాడు. తర్వాత ఇక్కడే బంగళా కొని, పండితులకు జీతాలిచ్చి, తాటాకులు సరిచూపించాడు. 1829లో వేమన పద్యాలు అచ్చు వేశాడు. 1874లో జె.ఎ. బాయిల్ అనే ఇంగ్లీషు అధికారి 'ఇండియన్ యాంటిక్వరీ'లో తెలుగు వీరగాథల మీద వ్యాసం రాశాడు. మన పక్క బళ్లారిలో విన్న సర్వాయి పాపడి పాట అందులో ఉంది. తర్వాత బిరుదురాజు రామరాజు జానపద గేయాల మీద పెద్ద సిద్ధాంత గ్రంథం రాశారు. వీళ్లకి మనం ఎంత రుణపడినా తక్కువే. కాని ఈ పుస్తకాలన్నీ తిరగేసినా, పాపడి పాటలో చివరి అక్షరాన్ని ఎంతసేపు సాగదీసేవాళ్లో తెలియదు. పాట రాలిపోయి మాటలు మిగిలాయి. సాహిత్య చరిత్రకు అది చాలు. సంగీత చరిత్రకు అదే మొదటి నష్టం.

మా జిల్లాలోనే పుట్టిన అన్నమయ్యకు జరిగింది ఇదే. తిరుమల గుడిలో ఒక అరలో వేల కీర్తనలు రాగి రేకుల మీద చెక్కి భద్రంగా ఉండేవి. ప్రతి పాట పైన రాగం పేరు ఉంది. స్వరం లేదు. నాలుగు వందల ఏళ్ల తర్వాత రేకులు బయటపడేసరికి మాటలు చెక్కుచెదరలేదు, పాట ఎవరికీ రాదు. వేటూరి ప్రభాకరశాస్త్రి తర్వాత ఆ పని అందుకున్న రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ మా పక్క అనంతపురం జిల్లావాడు. మైసూరులో ముప్పై ఏళ్లకు పైగా తెలుగు చెప్పి, తిరుపతికి వచ్చి, ఎన్నో కీర్తనలకు తానే వరసలు కట్టి స్వరపరిచాడు. తర్వాత నేదునూరి కృష్ణమూర్తి, గరిమెళ్ల బాలకృష్ణప్రసాద్. ఇప్పుడు మనం కళ్లు మూసుకుని అన్నమయ్యను వింటున్నాం అనుకుంటాం. వింటున్నది వీళ్లను. నాకిందులో ఫిర్యాదేమీ లేదు. పాడేవాడు లేకపోతే రేకు వట్టి రాగి.

చైనావాళ్ల సమస్య దీనికి తిరగేసినట్టు ఉంటుంది. గుచిన్ అనే ఏడు తీగెల వాద్యానికి వాళ్ల దగ్గర వెయ్యేళ్లకు మించిన లిపి ఉంది. అది స్వరాలు చెప్పదు. ఏ వేలితో ఏ తీగెను ఎక్కడ నొక్కాలో, ఎలా మీటాలో చెబుతుంది. ఎంతసేపు అనేది చెప్పదు. చెయ్యి దొరుకుతుంది, కాలం దొరకదు. అందుకే పాత ప్రతిని ముందు పెట్టుకుని, నెలల తరబడి వాయించి వాయించి దాని నడక కనుక్కోవడం అనే పని ఒకటుంది. దానికి వేరే పేరే ఉంది వాళ్ల భాషలో, 'దాఫూ' అని. గ్వాన్ ఫింగ్‌హు అనే ఆయన 1950లలో అలా కూర్చుని, ఎవరూ వాయించడం మానేసిన పాత కృతుల్ని లేపాడు. 1956లో జా ఫూషీ అనే విద్వాంసుడి బృందం ఊరూరా తిరిగి ఎనభైమందికి పైగా గుచిన్ వాయిద్యగాళ్లను రికార్డు చేసింది. పదేళ్లకే సాంస్కృతిక విప్లవం వచ్చి, ఇదంతా పాత చెత్త అని వాద్యాలు విరగ్గొట్టింది. ఆ పదేళ్ల సందు దొరక్కపోతే ఏమయ్యేదో. 1977లో వాయేజర్ నౌకల్లో పంపిన బంగారు రికార్డులో గ్వాన్ ఫింగ్‌హు గుచిన్ ఉంది. దాని వెంటనే మన కేసర్‌బాయి కేర్కర్ భైరవి. రెండూ కలిసి ఎక్కడికో పోతూనే ఉన్నాయి.

అయితే రికార్డు చేస్తే పాట బతికినట్టేనా? అబింగ్ వీధిలో వాయించినప్పుడు ఏ రోజు తీరు ఆ రోజుది. యంత్రం ముందు ఒక్కసారి వాయించింది తీగె మీద పడింది, దాన్ని స్వరాలుగా రాశారు, అదే ఇప్పుడు శాసనం. పరీక్షల్లో అలాగే వాయించాలి. అలా వాయించకపోతే తప్పు. అబింగ్ తిరిగొచ్చి ఆ పరీక్ష రాస్తే పాసవుతాడో లేదో.

బతికించడమంటే ఏమిటో ఇంకొక చోట బాగా కనిపిస్తుంది. షాన్షీ రాష్ట్రంలోని హువాయిన్‌లో తోలుబొమ్మల వెనక పాడే ఒక మొరటు రైతు సంగీతం ఉంది. ఒకాయన చెక్కదిమ్మతో బల్లను బాదుతూ పాడతాడు. బొమ్మలాట చూసేవాళ్లు తగ్గాక, ఈ శతాబ్దం మొదట్లో, వాళ్లు తెర తీసేసి తామే ముందుకొచ్చి కూర్చున్నారు. పిపా కళాకారిణి వూ మాన్ వాళ్లను 2009లో న్యూయార్క్ కార్నెగీ హాల్ దాకా తీసుకెళ్లింది. మనకూ తోలుబొమ్మలున్నాయి, ధర్మవరం దగ్గర నిమ్మలకుంటలో. దళవాయి చలపతిరావుగారికి 2020లో పద్మశ్రీ వచ్చింది. కాని అక్కడ ఆట తగ్గాక తోలు ముందుకొచ్చింది. బెంగుళూరులో, హైదరాబాదులో మన ఇళ్లలో వెలిగే తోలు దీపాలు ఆ ఊరివే. అన్నం పెట్టే పని అది, తప్పు పట్టడానికి నేనెవర్ని. నా గదిలోనూ ఒకటుంది. అందులో హనుమంతుడు సముద్రం దాటుతుంటాడు, చప్పుడు లేకుండా.

చప్పుడు కావాలంటే శ్రావణ శనివారం పులివెందుల నుంచి వేంపల్లె దారిలో గండికి పోవాలి. పాపాఘ్ని కొండను చీల్చుకుని వచ్చేచోట ఆంజనేయస్వామి గుడి. మా అమ్మమ్మ వాళ్లు ప్రతి ఏడూ పోతారు. అక్కడ చెక్కభజన జట్లు చూశాను. గుండ్రంగా నిలబడి, చేతుల్లో తాళాలు బిగించిన చెక్కలు, కాళ్లకు గజ్జెలు, మధ్యలో గురువు. ఈ గురువులు ఒకప్పుడు ఊరూరికీ పోయి, భజన గుడిలో నెలల తరబడి ఉండి, అడుగులు నేర్పి ఇంకో ఊరికి పోయేవాళ్లు. ఊరంతా చందా వేసుకుని కూలి ఇచ్చేది. ఇప్పుడు జట్టులో సగం మంది అడుగులు యూట్యూబులో చూసి నేర్చుకున్నామన్నారు. అడుగు మాత్రం తప్పలేదు, చెమట మాత్రం అబద్ధం కాదు. చెక్కభజన బతుకుతుంది. అది పగటి వెలుగులో పదిమంది చూసే ఆట. నా బాధ తత్వం గురించి. చావు దగ్గర పాడేదాన్ని వీడియో తీయడం ఎవరికి బాగుంటుంది? ఇప్పుడు చావింట్లోనూ స్పీకరు పెట్టి ఫోన్‌లోంచి తత్వాలు వేస్తున్నారు. అందుకునే వంత లేదు. ఊపిరి తెగే భయమూ లేదు.

జేజినాయన ఊరు ఇప్పుడు లేదు. గండికోట జలాశయంలో నీళ్లు నిలబెట్టడానికి 2020లో తాళ్లప్రొద్దుటూరు ఖాళీ చేయించారు. అలా మునిగిన ఊళ్లలో మాదీ ఒకటి. ఇళ్లు తలా ఒక దిక్కు పోయాయి. భజన గుడిలో ఉన్న తంబూర ఎవరు పట్టుకుపోయారో తెలియదు.

జట్టులోని దూదేకులాయన ఒక్కడే మిగిలాడు. పునరావాస కాలనీలో కొడుకు దగ్గర ఉంటున్నాడు. ఎనభై దాటినాయి. అమ్మ ఆ అర్‌హు వినిన మర్నాడే బైకు తీసుకుని పోయాను. "పెద్దాయనా, ఒక తత్వం పాడతావా, ఫోన్‌లో పట్టుకుంటా" అంటే మొదట ఒప్పుకోలేదు. "పీనుగ లేనిదే ఎట్ల పాడేది?" అన్నాడు. కోడలు నవ్వి టీ తెచ్చింది. తాగి, గొంతు సవరించుకుని, తొడ మీద చేత్తో దరువేసుకుంటూ ఎత్తుకున్నాడు.

జేజినాయన ఎప్పుడూ పాడిన తత్వమే. కాని చివర్న పైకి పోవాల్సిన చోట ఈయన కిందికి దిగాడు. అయిపోయాక అడిగాను, మా జేజినాయన ఇట్లా పాడేవాడు కాదు కదా అని.

"మీ జేజినాయన పాడినంత సేపు నేను వంత. వంతోనికి సొంత దావ ఉంటాదా? ఆయప్ప పొయినంక మొదులుపెట్నా ఇట్ల." కాసేపు ఆగి, "నువ్వు పాడు సూద్దాం, ఆయప్ప ఎట్ల పాడతాండెనో" అన్నాడు.

నాకు మాటలు వచ్చు. నోరు తెరిచాను, వరస రాలేదు.

తన పాట వినిపించమన్నాడు. ఫోను చెవి దగ్గర పెట్టుకుని కళ్లు మూసుకుని విన్నాడు. బాగాలేదన్నట్టు తల అడ్డంగా ఊపి, "ఇది తుడిచెయ్. ఇంగొక తూరి పాడతా" అన్నాడు.

తుడవలేదు. రెండోసారి అదే చోట ఇంకోలా తిప్పాడు. అంతలో కరెంటు వచ్చి పక్కింట్లో టీవీ మోగింది, అది కూడా అందులో పడింది. నా ఫోన్‌లో రెండూ పక్కపక్కనే ఉన్నాయి.