కెరటాన్ని చదివిన తీరం: వాడరేవు నుంచి సర్ఫింగ్ దాకా

ఈ ఎపిసోడ్‌లో కెరటాల గురించి మాట్లాడుకుందాం. సర్ఫింగ్ మీద ఇష్టం పెరిగాక కుర్రాళ్ళు తరచుగా అడిగే ప్రశ్న ఒకటుంది. కొత్తగా నేర్చుకునేవాళ్ళకి ఏ బీచ్ మంచిది, బాగా వచ్చినవాళ్ళకి ఏది మంచిది అని. దీనికి జవాబు నేను మన బాపట్ల జిల్లా వాడరేవు నుంచి మొదలుపెడతాను. ఎందుకంటే, ఏ కెరటం ఎవరికి తగినది అనే లెక్క ఈ తీరానికి కొత్తేమీ కాదు. సర్ఫ్ బోర్డు ఇక్కడికి రాకముందే వందల ఏళ్ళ పాటు ఈ తీరంలో బతుకు ఆ లెక్క మీదే నడిచింది.

ముందు ఊరి పేరు చూడండి. ఓడరేవు అన్నా వాడరేవు అన్నా ఒకటే, వాడ అంటే ఓడ. కానీ రేవు అనగానే ఓడ వచ్చి గట్టుకి ఆనుకుని నిలబడే చోటు అనుకోకండి. మన తీరం చాలాచోట్ల తిన్నగా గీత గీసినట్టు ఉంటుంది. చుట్టూ కొండలు ఉండి, లోపల నీళ్ళు నిలకడగా ఉండే సహజ రేవులు తక్కువ. పెద్ద ఓడ దూరంగా లంగరు వేసుకునేది. ఆ ఓడకీ ఒడ్డుకీ మధ్య విరిగి పడే కెరటాల వరస ఉండేది. సరుకైనా మనిషైనా ఆ వరస దాటే రావాలి.

వాడరేవుకి దక్షిణంగా చినగంజాం దగ్గర మోటుపల్లి ఉంది. కాకతీయుల కాలంలో పెద్ద రేవు. 1244-45లో గణపతిదేవుడు అక్కడ అభయ శాసనం వేయించాడు. అందులో ఏముందంటే, పూర్వపు రాజులు తుఫానుకి దెబ్బతిని ఒడ్డుకి కొట్టుకొచ్చిన ఓడల్లోని సరుకంతా లాక్కునేవాళ్ళట. ప్రాణం కన్నా ధనం ఎక్కువనుకుని, ఇంత సాహసం చేసి వచ్చేవాళ్ళ మీద దయతో, మేము నిర్ణయించిన సుంకం తప్ప ఇంకేమీ తీసుకోం అని రాజు మాట ఇచ్చాడు. ఆ శతాబ్దం చివర్లో వచ్చిన మార్కో పోలో పుస్తకంలో ముత్‌ఫిలి అని రాసింది ఈ మోటుపల్లినే. అక్కడి వజ్రాలనీ, సన్నటి నూలు బట్టలనీ మెచ్చుకున్నాడు. శాసనాన్ని మనం వ్యాపార చరిత్రగా చదువుతాం. నాకైతే అందులో సముద్రం కూడా కనిపిస్తుంది. ఓడ పగిలిపోవడం ఎంత మామూలు విషయం కాకపోతే రాజు దాని మీద చట్టం రాతి మీద చెక్కిస్తాడు!

మరి ఆ కెరటాల వరస ఎలా దాటేవాళ్ళు? రెండు సాధనాలు ఉండేవి. ఒకటి మసూలా పడవ. దీనికి మేకులు ఉండవు. పలకల్ని కొబ్బరి పీచు తాడుతో కుట్టేవాళ్ళు. మేకులు కొట్టిన గట్టి పడవ ఇసక మీద పడితే పగులుతుంది. ఈ కుట్టు పడవ దెబ్బకి కాస్త వంగి మళ్ళీ సర్దుకుంటుంది. రెండోది తెప్ప. రెండు మూడు దుంగలు కలిపి కట్టినది. దాని మీదుగా నీళ్ళు పారినా మునిగేది కాదు, మనిషి పడిపోయినా ఈది మళ్ళీ ఎక్కేవాడు.

ఇప్పుడు అసలు సంగతికి వద్దాం. ఈ తీరానికే చెందిన మద్రాసులో, హార్బరు కట్టకముందు, ఓడ దిగే ప్రయాణికులందరూ మసూలా పడవల్లోనే ఒడ్డుకి వచ్చేవాళ్ళు. సముద్రం గడుసుగా ఉన్న రోజున పడవ పక్కనే తెప్పలు కూడా నడిపేవాళ్ళు, ఎవరైనా నీళ్ళలో పడితే తీయడానికి. మసూలా కూడా దాటలేనంత కెరటం ఉంటే ఒడ్డున జెండా ఎగరేసేవాళ్ళు. ఆ జెండా ఉండగా ఓడలోని వాళ్ళు దిగకూడదని అర్థం. అలాంటప్పుడు కూడా తెప్ప మనిషి తలకి కోసుగా ఉండే టోపీ పెట్టుకుని, అందులో ఉత్తరాలు తడవకుండా దాచుకుని, ఓడ దాకా వెళ్ళి వచ్చేవాడు.

చూశారా, లెవెల్స్ అప్పుడే ఉన్నాయి. ఏమీ తెలియని ప్రయాణికుడికి ఒక రోజు, తోడు తెప్ప ఉంటేనే వెళ్ళదగిన రోజు ఇంకోటి, ఆరితేరినవాడికి మాత్రమే పనికొచ్చే రోజు మరోటి. తీరం అదే, చోటు అదే. మారింది రోజు. ఇది ఎలాంటి రోజో చెప్పడానికి ఒడ్డున ఒక మనిషి ఉండేవాడు.

ఈ మాట హవాయికి కూడా వర్తిస్తుంది. సర్ఫింగ్‌కి పుట్టిల్లు పసిఫిక్ దీవులు. 1778లో కెప్టెన్ కుక్ ఓడలు హవాయి చేరేనాటికే అక్కడి జనం చెక్క మీద నిలబడి కెరటం ఎక్కేవాళ్ళు. అక్కడ ఓహు అనే ఒక్క దీవిలోనే, దక్షిణం వైపు వైకీకీ కెరటాలు నెమ్మదిగా, పొడుగ్గా వస్తాయి. కొత్తవాళ్ళు నేర్చుకునేది అక్కడ. ఉత్తరం ఒడ్డున చలికాలంలో లేచే కెరటాలు ప్రపంచ ఛాంపియన్లకే పరీక్ష. అదే ఉత్తరం ఒడ్డు ఎండాకాలంలో చాలా రోజులు చెరువులా ఉంటుంది. అంటే గైడులో రాసిన లెవెల్ ఏడాది పొడుగునా పనిచేయదన్నమాట.

సరే, మన బీచ్‌లకి వద్దాం. వాడరేవు, రామాపురం, సూర్యలంక. మూడూ ఇసక నేలలే, రాళ్ళ భయం తక్కువ. నీళ్ళ అడుగున ఇసక తిన్నెలు ఉంటాయి. కెరటం తిన్నె మీద విరిగి నురగగా మారి ఒడ్డుకి వస్తుంది. నడుం లోతు నీళ్ళలో, మోకాలెత్తు నురగ కెరటం, ఇదీ కొత్తవాళ్ళ బడి. నైరుతి రుతుపవనాల కాలంలో అలలు బలంగా ఉంటాయి, అది నేర్చుకునే కాలం కాదు. ఫిబ్రవరి, మార్చి నెలల్లో సముద్రం కాస్త నిమ్మళంగా ఉంటుంది. పొద్దున్నే నేల మీంచి గాలి వీస్తుంటే కెరటం శుభ్రంగా లేస్తుంది. మధ్యాహ్నం సముద్రపు గాలి మొదలైతే గజిబిజి అవుతుంది. ఇంకో విషయం. తుఫాను ఎక్కడో దూరంగా ఉన్నా దాని అలలు ముందే మన ఒడ్డుకి వస్తాయి. 1977 నవంబరు 19 ఉప్పెన చూసిన తీరం ఇది. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుఫాను తీరం దాటింది కూడా బాపట్ల దగ్గరే. ఎండ కాస్తోంది కదా అని నీళ్ళని నమ్మకూడదు.

విశాఖపట్నం వెళ్తే కథ వేరు. అక్కడ కొండలు సముద్రంలోకి చొచ్చుకొస్తాయి, మధ్యలో చిన్న చిన్న వంపులు. రుషికొండ దగ్గర సర్ఫింగ్ నేర్పేవాళ్ళు ఉన్నారు, మొదటి పాఠానికి అది మంచి చోటు. ఆర్కే బీచ్ చూడ్డానికి బాగుంటుంది గానీ ఒడ్డు నిటారుగా దిగుతుంది, కెరటం ఒక్కసారిగా మీద పడుతుంది. యారాడలో లోపలికి లాగే ప్రవాహాలున్నాయి. చూసి రావడానికి సరే, ఒంటరిగా దిగడానికి కాదు.

ఆ లాగే ప్రవాహం గురించి ఒక్క నిమిషం వినండి, ప్రాణాలు పోయేది ఇక్కడే. తిన్నె దాటి ఒడ్డుకి వచ్చిన నీళ్ళు వెనక్కి పోవడానికి తిన్నెల మధ్య ఖాళీ వెతుక్కుంటాయి. అక్కడ కెరటాలు అంతగా విరగవు. పైకి చూస్తే చుట్టుపక్కలకన్నా అదే ప్రశాంతంగా కనిపిస్తుంది. ఈత రానివాడు సరిగ్గా ఆ ప్రశాంతమైన చోటే ఎంచుకుంటాడు. సర్ఫింగ్ బాగా వచ్చినవాడు కూడా అదే ఎంచుకుంటాడు, కానీ త్వరగా లోపలికి వెళ్ళడానికి దారిగా. ఒకే చోటు ఒకరికి దారి, ఇంకొకరికి ఉరి. అందులో చిక్కుకుంటే ఒడ్డు వైపు ఎదురీదకండి, అలసిపోతారు. ఒడ్డుకి సమాంతరంగా పక్కకి ఈది, లాగుడు తగ్గాక నురగతో పాటు బయటికి రండి. ఈత రాకపోతే తేలుతూ చెయ్యి ఎత్తి పిలవండి.

వాడరేవు, రామాపురం, సూర్యలంకల్లో సెలవు రోజున సరదాగా వచ్చిన కాలేజీ పిల్లలు మునిగిపోయిన వార్తలు మనం మళ్ళీ మళ్ళీ చదువుతూనే ఉన్నాం. అదే నీళ్ళలోంచి మత్స్యకారులు రోజూ ఫైబర్ బోటు తీసుకెళ్ళి, తీసుకొస్తున్నారు. నేను అక్కడ నిలబడి చూశాను. ఇంజను సిద్ధంగా ఉంటుంది, బోటు కదలదు. పెద్ద కెరటాలు వరసగా పోయేదాకా ఆగి, చిన్నవి రాగానే ఒక్క ఊపున తోస్తారు. కెరటానికి అడ్డం తిరిగితే బోల్తా అని వాళ్ళకి ఎవరూ బోర్డు రాసి చెప్పలేదు.

ఈ విద్యకి విలువ ఇచ్చిన ఊరు కూడా ఉంది. పూరీలో భక్తుల్ని చెయ్యి పట్టుకుని కెరటాల్లో స్నానం చేయించే నోలియాలు తెలుగు మాట్లాడే మత్స్యకారులే. వాళ్ళు తలకి పెట్టుకునేది కూడా కోసు టోపీయే. అక్కడ యాత్రికుడు ముందు నోలియాని వెతుక్కుని, తర్వాత నీళ్ళలో దిగుతాడు. మన బీచ్‌లలో రిసార్టులొచ్చాయి, ఫొటో పాయింట్లొచ్చాయి. ఆ జెండా పట్టుకునే మనిషికి మాత్రం అన్నిచోట్లా చోటు దొరకలేదు. గజ ఈతగాళ్ళుగా మన మత్స్యకార యువకుల్నే పెట్టి, జీతమిచ్చి, ఈ రోజు దిగకండి అని ఆపే అధికారం కూడా వాళ్ళకి ఇవ్వాలని నా అభిప్రాయం.

కాబట్టి ఏ బీచ్ అని అడిగేవాళ్ళకి నా జవాబు ఇది. నేల ఇసకదేనా, ఒడ్డు వాలుగా ఉందా, కాలం ఏది, గాలి ఎటు, ఇవన్నీ చూసి బీచ్‌ని ఎంచుకోండి. అక్కడికి వెళ్ళాక పావుగంట నీళ్ళు చూడండి. ఆ తర్వాత వలలు బాగుచేసుకుంటున్న పెద్దాయన పక్కన కూర్చుని, "ఈ రోజు దిగొచ్చా బాబాయ్?" అని అడగండి. వద్దంటే బోర్డు తిరిగి కారెక్కించండి.

ఉంటానండీ. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం.