పిన్ అడగని కార్డు: బెజవాడ షాపుల్లో ‘వైఫై కార్డు’ అనుభవాలు, తెలుసుకోవాల్సిన రూల్స్

రంజాన్ ఆఖరి వారం, విజయవాడ బీసెంట్ రోడ్డు. బట్టల షాపు కౌంటర్ దగ్గర ఊపిరాడనంత జనం. బిల్లు 1,450 రూపాయలు. కార్డు చేతికిస్తే షాపతను గీకలేదు, మిషన్‌లో కూడా పెట్టలేదు. పైన అలా తాకించి వెనక్కి ఇచ్చేశాడు. మిషన్ కీక్‌మంది, చీటీ వచ్చింది, ఫోన్‌కి మెసేజ్ వచ్చింది. “మరి పిన్ నొక్కొద్దా?” అంటే “ఇది వైఫై కార్డమ్మా, పిన్ అక్కర్లేదు” అని జవాబు.

2018, 2019 ప్రాంతంలో వన్‌టౌన్ నుంచి మచిలీపట్నం, గుడివాడ దాకా చాలా ఇళ్లకు కాంటాక్ట్‌లెస్ కార్డు పరిచయమైంది ఇలాగే. డబ్బేమీ పోలేదు. కానీ ఇంటికొచ్చాక అందరూ వేసుకున్న ప్రశ్న ఒకటే: తాళం చెవి లేకుండానే తలుపు తెరుచుకుంటే ఇక తాళం దేనికి? ఆ ప్రశ్న ఇప్పటికీ తీరలేదు. అందుకే ఈ కార్డు ఎలా పనిచేస్తుంది, రూల్స్ ఏమంటున్నాయి, జాగ్రత్త ఎక్కడ కావాలి అన్నవి ఒకచోట చూద్దాం.

వైఫై కాదు, ఇంటర్నెట్ కాదు

కార్డు మీద నాలుగు వంపు గీతల గుర్తు వైఫై గుర్తులా ఉంటుంది. ‘వైఫై కార్డు’ అన్న పేరు అలా వచ్చిందే. నిజానికి కార్డుకు ఇంటర్నెట్‌తో పనిలేదు. లోపల చిప్, దానికి కలిపి ప్లాస్టిక్ పొరల మధ్య సన్నని తీగ చుట్ట ఉంటాయి. బ్యాటరీ ఉండదు. మిషన్ దగ్గరికి తీసుకెళ్తే మిషన్ నుంచి వచ్చే తరంగాలతోనే చిప్‌కు కరెంటు అందుతుంది. ఈ పద్ధతి పేరు ఎన్ఎఫ్‌సీ. పనిచేసే దూరం సుమారు 4 సెంటీమీటర్లు. కార్డు వంగిపోయి లోపలి తీగ తెగితే ట్యాప్ ఆగిపోతుంది, అయినా మిషన్‌లో పెడితే చిప్ పనిచేయవచ్చు.

ప్రతి ట్యాప్‌కూ చిప్ ఒక కొత్త సంకేతం తయారు చేస్తుంది. అది ఆ ఒక్క లావాదేవీకే చెల్లుతుంది. పాత నల్లపట్టీ కార్డును కాపీ కొట్టినంత తేలిగ్గా దీన్ని కాపీ కొట్టలేరు.

రూల్స్ ఎలా మారాయి?

మన దేశంలో షాపుల్లో డెబిట్ కార్డుకు పిన్ తప్పనిసరి అయింది 2013 డిసెంబర్ నుంచి. దాన్ని జనం అలవాటు చేసుకుంటుండగానే 2015 మే 14న రిజర్వ్ బ్యాంక్ ఒక సడలింపు ఇచ్చింది. కాంటాక్ట్‌లెస్ కార్డుతో ఒక్కో లావాదేవీలో 2,000 రూపాయల దాకా పిన్ అడగనక్కర్లేదని చెప్పింది. రోజుకు ఎన్ని ట్యాప్‌లు అన్నదానికి హద్దు పెట్టే పనిని బ్యాంకులకు అప్పగించింది. పిన్ నొక్కి కట్టాలా, ట్యాప్ చేయాలా అన్నది ఖాతాదారు ఇష్టం అని కూడా చెప్పింది.

కృష్ణా డెల్టాలోని మామూలు ఇళ్లకు ఈ కార్డు చేరడానికి ఇంకొన్నేళ్లు పట్టింది. 2016 నవంబర్ 8 నోట్ల రద్దు తర్వాత చిన్న షాపులు కూడా స్వైపింగ్ మిషన్ల కోసం బ్యాంకుల చుట్టూ తిరిగాయి. 2018 డిసెంబర్ 31లోగా నల్లపట్టీ కార్డులన్నీ మార్చి చిప్ కార్డులు ఇవ్వాలన్న ఆదేశంతో ఇంటింటికీ కొత్త కార్డులు పోస్టులో వచ్చాయి. వాటిలో చాలా వాటి మీద ఆ వంపు గీతలు ఉన్నాయి. ఎవరూ కోరి తెచ్చుకోలేదు. కవర్‌లోని ఇంగ్లిష్ కాగితాన్ని ఎంతమంది చదివి ఉంటారు?

ఆ లోటు సరిచేసింది 2020 జనవరి 15 నాటి ఆదేశం. దాని ప్రకారం కొత్తగా ఇచ్చే కార్డు దేశంలోని ఏటీఎంలో, మిషన్‌లో పెట్టి వాడే పద్ధతికి మాత్రమే పనిచేయాలి. ట్యాప్, ఆన్‌లైన్, విదేశీ వాడకం మనం అడిగితేనే ఆన్ చేయాలి. మనకు కావాల్సినప్పుడు ఆన్, వద్దనుకుంటే ఆఫ్ చేసుకునే వీలు 24 గంటలూ ఇవ్వాలి. కరోనా వల్ల గడువు పెరిగి ఇది 2020 అక్టోబర్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. తర్వాత 2021 జనవరి 1 నుంచి పిన్ లేని ట్యాప్ హద్దు 5,000 రూపాయలైంది.

కౌంటర్ దగ్గర ఎదురయ్యేవి

కొందరికి ఈ కార్డు నిజంగా మేలు చేసింది. చేతులు వణికే దాదీలకు, నాలుగంకెలు గుర్తుండని పెద్దవాళ్లకు మందుల షాపులో ఇబ్బంది తప్పింది. అంతకుముందు “పిన్ చెప్పండమ్మా, నేను కొడతా” అని షాపతను అడగడం, క్యూలో అందరూ వింటుండగా ఈవిడ చెప్పడం మామూలు విషయం. అది ఏ దొంగకైనా పండగే. చిన్న బిల్లుల వరకు ట్యాప్ ఆ ప్రమాదాన్ని తప్పించింది.

తలనొప్పులూ ఉన్నాయి. సిగ్నల్ లేని ఊళ్లో మిషన్ పట్టుకుని షాపు బయటకు రావడం, ఒకసారి తాకిస్తే పని కాలేదని రెండోసారి తాకించడం, చివరికి చీటీలో ‘డిక్లైన్డ్’ అని, ఫోన్‌లో డబ్బు కట్ అయినట్టు మెసేజ్ రావడం. దీనికి 2019 సెప్టెంబర్ 20 నాటి రిజర్వ్ బ్యాంక్ రూల్ ఉంది. ఖాతాలో డబ్బు కట్ అయి షాపుకు కన్ఫర్మేషన్ చేరకపోతే, లావాదేవీ జరిగిన రోజు తర్వాత 5 రోజుల్లోపు అది తనంతట తానే వెనక్కి రావాలి. ఆలస్యమైతే రోజుకు 100 రూపాయల చొప్పున బ్యాంకు పరిహారం ఇవ్వాలి. అందుకే ఫెయిలైన చీటీని అక్కడే పారేయకండి.

పర్సు మొత్తాన్ని మిషన్‌కు ఆనించే అలవాటు మరో చిక్కు. అందులో రెండు ట్యాప్ కార్డులుంటే మిషన్ ఏదీ తీసుకోకపోవచ్చు, లేదా మనం అనుకోని కార్డు నుంచి కట్ చేయవచ్చు. ఒకటి డెబిట్, ఇంకోటి క్రెడిట్ అయితే తేడా పెద్దదే. డెబిట్‌లో పోయేది మన డబ్బు. క్రెడిట్‌లో అది అప్పు, గడువు దాటితే వడ్డీ పడుతుంది. వడ్డీకి దూరంగా ఉండే ఇళ్లవాళ్లు కార్డును బయటకు తీసి చూసుకుని తాకించడం మంచిది.

బస్సులో జేబుకు ఆనిస్తే డబ్బు పోతుందా?

అందరూ భయపడేది దీనికే. నెహ్రూ బస్టాండ్ రద్దీలో ఎవరో మిషన్ జేబుకు ఆనించి డబ్బు లాగేస్తారని వాట్సాప్‌లో తిరిగింది. సాంకేతికంగా అది పూర్తిగా అసాధ్యం కాదు, కానీ దొంగకు లాభసాటి బేరం కాదు. మిషన్‌లో ముందే మొత్తం కొట్టి ఉంచాలి, కార్డుకు నాలుగు సెంటీమీటర్ల దగ్గరికి రావాలి. పైగా ఆ డబ్బు చేరేది పాన్, చిరునామా ఇచ్చి తెరిచిన వ్యాపారి బ్యాంకు ఖాతాలోకే. దొంగ తన అడ్రస్ తానే రాసిచ్చినట్టు.

అసలు జాగ్రత్త పడాల్సింది కౌంటర్ దగ్గర. మిషన్‌లో అంకె కొట్టేది షాపతను. పిన్ నొక్కే రోజుల్లో మిషన్ మన చేతికొచ్చేది, కనీసం ఒకసారి అంకె కంటబడేది. ట్యాప్ వచ్చాక ఆ ఒక్క క్షణం కూడా పోయింది. 450 బదులు 4,500 కొట్టినా కీక్‌మనే శబ్దం ఒకటే. మోసమే కానక్కర్లేదు, పండగ రద్దీలో సున్నా ఎక్కువ పడొచ్చు. కాబట్టి కార్డు ఇవ్వకండి, మిషన్ మీవైపు తిప్పమనండి, అంకె చూసి మీరే తాకించండి.

షాపువాళ్ల బాధ

“కార్డయితే 2 శాతం ఎక్స్‌ట్రా” అన్న మాట బెజవాడలో వినని వాళ్లుండరు. కార్డు బిల్లు మీద వ్యాపారి తన బ్యాంకుకు ఇచ్చే రుసుమును ఎండీఆర్ అంటారు. 2018 జనవరి 1 నుంచి డెబిట్ కార్డు మీద అది ఏడాదికి 20 లక్షల లోపు టర్నోవర్ ఉన్న వ్యాపారికి 0.40 శాతం, మిగతా వాళ్లకు 0.90 శాతం మించకూడదు. దాన్ని కొనేవాళ్ల మీద వేయకూడదని రిజర్వ్ బ్యాంక్ స్పష్టంగా చెప్పింది. అయితే మిషన్ అద్దె, పేపర్ రోల్, డబ్బు ఖాతాలో పడేదాకా ఎదురుచూపు కలిపితే నాలుగు రూపాయల లాభం మీద బతికే కిరాణా షాపుకు అది భారమే.

2020 జనవరి 1 నుంచి రూపే డెబిట్ కార్డు, యూపీఐ చెల్లింపులకు ఎండీఆర్ సున్నా చేశారు. యూపీఐకి మిషన్ కూడా అక్కర్లేదు, అట్టముక్క మీద క్యూఆర్ కోడ్ చాలు. పంజా సెంటర్ టీ బంకు నుంచి సూపర్ మార్కెట్ దాకా క్యూఆర్ గెలవడానికి పెద్ద కారణం ఇదే. పైగా యూపీఐలో ఫోన్ మన చేతిలోనే ఉంటుంది, మామూలుగా పిన్ కూడా అడుగుతుంది. ట్యాప్ కార్డు తీసేసిన నమ్మకాన్ని అది తిరిగి ఇచ్చింది.

కార్డు ఎవరి చేతిలో, మెసేజ్ ఎవరి ఫోన్‌కి?

మన ఇళ్లలో ఇది ముఖ్యం. భర్త గల్ఫ్‌లో, అతని పేరున ఉన్న కార్డు ఇక్కడ ఇంట్లో, మెసేజ్ వెళ్లేది రీచార్జ్ చేయని పాత సిమ్‌కి. పాలు తెమ్మని పిల్లాడికి కార్డిచ్చి పంపినా పిన్ లేకుండానే పనైపోతుంది. పిన్ ఉన్నప్పుడు కార్డు పోయినా షాపులో ఖర్చు పెట్టలేకపోయేవారు. ఇప్పుడు దొరికినవాడు 5,000 లోపు బిల్లులు ఒకటి తర్వాత ఒకటి కట్టేయొచ్చు. ఒకరి కార్డు మరొకరు వాడటాన్ని బ్యాంకు నిబంధనలు ఒప్పుకోవు కూడా. జాయింట్ ఖాతా తెరిచి ఆమె పేరుతోనే కార్డు, ఆమె ఫోన్‌కే మెసేజ్ పెట్టించుకోవడం సరైన పద్ధతి.

తేడా వస్తే ఏం చేయాలి?

వెంటనే యాప్‌లో గానీ కస్టమర్ కేర్‌కు ఫోన్ చేసి గానీ కార్డు బ్లాక్ చేయండి, ఫిర్యాదు నంబర్ రాసుకోండి. 2017 జూలై 6 నాటి రిజర్వ్ బ్యాంక్ రూల్ ప్రకారం తప్పు బ్యాంకుదీ మనదీ కాకుండా మధ్యలో ఇంకెక్కడో జరిగితే, మెసేజ్ వచ్చాక 3 పనిదినాల్లోపు చెబితే మన మీద నష్టం పడకూడదు. 4 నుంచి 7 పనిదినాలైతే మామూలు పొదుపు ఖాతాకు గరిష్ఠంగా 10,000 రూపాయల దాకా మనం భరించాల్సి రావచ్చు. బ్యాంకుకు చెప్పిన తర్వాత జరిగే నష్టం మాత్రం పూర్తిగా బ్యాంకుదే. తప్పు ఖాతాదారుదే అని రుజువు చేయాల్సింది కూడా బ్యాంకే. సైబర్ మోసమని అనుమానం ఉంటే 1930కి ఫోన్ చేయొచ్చు. బ్యాంకు 30 రోజుల్లో జవాబివ్వకపోతే రిజర్వ్ బ్యాంక్ అంబుడ్స్‌మన్‌కు వెళ్లొచ్చు, సమాచారానికి 14448.

ట్యాప్ వద్దనుకుంటే బ్యాంకు యాప్‌లో కార్డు సెట్టింగ్స్‌లోకి వెళ్లి కాంటాక్ట్‌లెస్ ఆఫ్ చేస్తే సరి. కావాలనుకుంటే మీ నెల ఖర్చుకు సరిపడా హద్దు పెట్టుకోండి. 500 సరిపోయే ఇంటికి 5,000 ఎందుకు? ఈ పండగ షాపింగ్‌కి బయల్దేరే ముందు ఒకసారి చూసుకోండి, మీ ఇంటి కార్డులో ఆ స్విచ్ ఆన్‌లో ఉందా, ఆఫ్‌లో ఉందా అని.