మాట దిద్దే హక్కు ఎవరిది? – గిడుగు వారి కాలం నుంచి మన బడి దాకా

ఏటా ఆగస్టు 29న మా బళ్ళో తెలుగు భాషా దినోత్సవం చేస్తాం. గిడుగు వెంకట రామమూర్తి పంతులు గారి ఫొటోకి దండ వేస్తాం. పిల్లలు పద్యాలు చదువుతారు. వచ్చిన పెద్దలు వాడుక భాష కోసం ఆయన చేసిన పోరాటం గురించి చెబుతారు. చివర్లో "సవర భాషకి కూడా ఎంతో సేవ చేశారు" అని ఒక ముక్క అనేసి కూర్చుంటారు. నాకు ఎప్పుడూ ఆ ముక్క దగ్గరే ఆగాలనిపిస్తుంది. ఆయన జీవితంలో సవర ముందు వచ్చింది. వాడుక తెలుగు కోసం పోరాటం ఆ తర్వాతది.

నేను కోయ ఇంట్లో పుట్టినవాణ్ణి. మాది బుట్టాయగూడెం వైపు. గణపవరం ప్రాంతానికి ఉద్యోగం మీద వచ్చాను. మూడో తరగతిలో ఉండగా 'మా ఇల్లు' గురించి ఐదు వాక్యాలు రాయమన్నారు. "మా అమ్మ పొద్దున్నే ఏరు తెస్తుంది" అని రాశాను. మా కోయలో ఏరు అంటే నీళ్ళు. తెలుగులో ఏరు అంటే పారే ఏరే. మాస్టారు ఆ మాటకి ఎర్ర సిరాతో సున్నా చుట్టి, నోటుబుక్కు ఎత్తి క్లాసంతటికీ చూపించి, "వీళ్ళమ్మ ఏరునే ఎత్తుకొచ్చేస్తుందట్రా" అన్నారు. అంతా నవ్వారు. మా వాళ్ళ పిల్లలు కూడా నవ్వారు, అది ఇంకా గుర్తు. ఆయన చెడ్డవారు కాదు, ఆయన పేరు ఇక్కడ అనవసరం. తెలుగులో నీళ్ళు అని రాయాలన్నదీ నిజమే. కానీ ఆ తర్వాత రెండేళ్ళు నేను ఖాయంగా తెలిసిన మాటలతోనే వాక్యాలు రాశాను. పొట్టి పొట్టి వాక్యాలు. మార్కులు బాగానే వచ్చాయి.

డైట్‌లో చదివేటప్పుడు గిడుగు వారి సంగతి వివరంగా తెలిసింది. 1863లో శ్రీకాకుళం దగ్గర పర్వతాలపేటలో పుట్టారు. 1880లో పర్లాకిమిడి రాజా వారి స్కూల్లో మాస్టారుగా చేరారు. ఆ ఊరికి చుట్టూ కొండల మీది నుంచి సవరలు దిగి వస్తూ ఉండేవారు. వాళ్ళ మాట ఊళ్ళో వాళ్ళకి రాదు, ఊరి మాట వాళ్ళకి సరిగా రాదు. అలాంటి చోట ఎవరైనా అనుకునేదేమిటి? వీళ్ళకి తెలుగు నేర్పాలి అనుకుంటారు. ఆయన తిరగేసి ఆలోచించారు, ముందు తాను సవర నేర్చుకోవాలి అనుకున్నారు. సవర మాట్లాడే మనిషిని తన ఇంట్లో పెట్టుకుని నేర్చుకున్నారు. ఆ రోజుల్లో ఒక బ్రాహ్మణ ఇంట్లో ఈ పని ఎలా సాగి ఉంటుందో చదివేవాళ్ళే ఊహించుకోవచ్చు.

చూసి చదువుకోవడానికి పాఠ్యపుస్తకం లేదు. నోట్లోంచి వచ్చే మాట వినాలి, తిరిగి పలకాలి. సరిగ్గా పలికాడో లేదో చెప్పాల్సింది ఎదుట కూర్చున్న సవర మనిషే. అంటే బళ్ళో ఇతరుల తప్పులు దిద్దే పంతులు, ఇంటికొచ్చి బడి మొహం చూడని మనిషి చేత తప్పులు దిద్దించుకున్నారన్నమాట. ఏళ్ళ తరబడి ఇదే పని. సవర పిల్లలకి బడులు పెట్టించారు, వాళ్ళ భాషలోనే పాఠాలు తయారుచేశారు. కొండల్లో తిరగడం వల్ల మలేరియా పట్టుకుంటే క్వినైన్ వాడారు. ఆ మందు వల్ల చెవుడు వచ్చి జీవితాంతం ఉండిపోయింది. చెవితో నేర్చుకున్న భాషకి చెవే ఖర్చయింది. 1931లో ఆయన సవర వ్యాకరణం, 1938లో సవర నిఘంటువు అచ్చయ్యాయి. ఇంగ్లీషులో రాసిన ఆ వ్యాకరణం పేరులో ఆ జనం తమని తాము పిలుచుకునే 'సోర' అన్న మాట ముందు ఉంటుంది, మనం పిలిచే 'సవర' తర్వాత ఉంటుంది. కోయతూర్‌లమైన మమ్మల్ని ఊళ్ళవాళ్ళు ఎన్ని పేర్లతో పిలిచారో తెలిసినవాడిగా నాకు ఆ వరస చిన్న విషయం అనిపించదు.

ఇక తెలుగు గొడవ. 1907లో యేట్స్ అనే ఇంగ్లీషు దొర స్కూళ్ళ ఇన్‌స్పెక్టరుగా వచ్చి, జనం మాట్లాడే తెలుగుకీ పుస్తకాల తెలుగుకీ ఇంత తేడా ఎందుకని అడిగాడు. గిడుగు వారు, ఆయనతో కలిసి చదువుకున్న గురజాడ అప్పారావు గారు, విశాఖపట్నంలో పి.టి. శ్రీనివాస అయ్యంగారు ఆ ప్రశ్నని గట్టిగా పట్టుకున్నారు. స్కూలు ఫైనల్లో వ్యాసం కావ్య భాషలోనైనా ఆధునిక భాషలోనైనా రాయవచ్చని ఒక ఉత్తరువు కూడా వచ్చింది. జయంతి రామయ్య పంతులు గారు, 1911లో మద్రాసులో పెట్టిన ఆంధ్ర సాహిత్య పరిషత్తు వారు దాన్ని ఎదిరించారు. కొద్ది కాలానికే ఉత్తరువు వెనక్కి పోయింది. 1914లో గురజాడ అసమ్మతి పత్రం రాయవలసి వచ్చింది. పెద్దలంతా వ్యాకరణం గురించి వాదించుకున్నారు గాని, అసలు తగువు పరీక్ష పేపరు మీద గీసే ఎర్ర గీత గురించి. పిల్లవాడు ఇంట్లో అనే మాట రాస్తే తప్పా, కాదా?

ఇక్కడ గిడుగు వారి పద్ధతి చూడాలి. పండితులు ఒక మాటని గ్రామ్యం అని కొట్టేస్తే, ఆయన పాత గ్రంథాలు తెరిచి, ఇదిగో పూర్వకవి ఇదే మాట వాడాడు అని చూపించేవారు. ఆ తర్వాత ఆ పండితులే రాసిన పుస్తకాలు తెరిచి, వాళ్ళు పెట్టిన నియమం వాళ్ళే ఎక్కడ తప్పారో చూపించేవారు. ఈ వాదం మన గోదావరి గట్టు మీద కూడా జరిగింది. కొవ్వూరులో నాలుగు గంటలు మాట్లాడి, గ్రాంథికంలో ఒక్క తప్పు లేకుండా ఎవరూ రాయలేరని ఉదాహరణలతో రుజువు చేశారు. ఆ వాదానికి 'ఆంధ్ర పండిత భిషక్కుల భాషా భేషజం' అని పేరు. భిషక్కు అంటే వైద్యుడు, భేషజం అంటే మందు. జబ్బు లేనివాడికి మందు పోసే వైద్యులని ఎకసెక్కం. 1925లో తణుకు సభలో మళ్ళీ నాలుగు గంటలు మాట్లాడి సభని ఒప్పించారు. గణపవరం నుంచి తణుకు ఎంతో దూరం లేదు. ఆ సభకి మన వైపు నుంచి ఎడ్లబండి కట్టుకుని వెళ్ళినవాళ్ళు ఉండే ఉంటారని నా ఊహ.

ఆయన పండితులతో మెత్తగా ఏమీ లేరు. నలుగురిలో తప్పులు ఎత్తి చూపడంలో ఆయనదీ చురుకు నాలుకే. కానీ ఆ కాఠిన్యం ఎవరి మీద చూపించారన్నది నాకు ముఖ్యం. ఎర్ర సిరా చేతిలో ఉన్నవాళ్ళ మీద చూపించారు. తెలుగు కూడబలుక్కునే సవర పిల్లవాడి ముందు తాను కూర్చుని నేర్చుకున్నారు. ఇద్దరికీ ఒకటే న్యాయం అనుకోలేదు.

గిడుగు వారి మీద నాకొక పేచీ కూడా ఉంది. ఆయన అడిగింది 'శిష్ట వ్యావహారికం'. చదువుకున్న మర్యాదస్తులు మాట్లాడే తెలుగు. ఆ శిష్టుల్లో మేం లేం. కృష్ణా గోదావరి డెల్టా చదువరుల మాట క్రమంగా పత్రికలకీ, స్వాతంత్ర్యం వచ్చాక మెల్లగా పాఠ్యపుస్తకాలకీ ఎక్కింది. గ్రాంథికం పోయింది గాని ఎర్ర సిరా పోలేదు, చేతులు మారిందంతే. ఇదివరకు "వచ్చాడు" అని రాస్తే కొట్టేసేవారు. ఇప్పుడు మన్యం పిల్లవాడి మాట, తెలంగాణ పిల్లవాడి మాట, లంక ఊరి పిల్లవాడి మాట కొట్టేస్తున్నారు. సవర కోసం చెవి పోగొట్టుకున్న మనిషికి ఇది తట్టలేదా అని నేను చాలాసార్లు అనుకున్నాను. ఒక్క మనిషి అన్నీ చేయలేడు, అదీ నిజమే. 2000 తర్వాత ప్రభుత్వం సవర, కోయ, కువి వంటి భాషల్లో తెలుగు లిపితో చిన్న తరగతుల పుస్తకాలు వేసింది. ఆ కోయ వాచకం మొదటిసారి పట్టుకున్నప్పుడు నేను ఆత్రంగా వెతికింది 'ఏరు' కోసమే.

ఇంత తెలిసినవాణ్ణి నేనేం చేశానో కూడా చెప్పాలి. గణపవరం వచ్చిన కొత్తలో, కొల్లేటి వైపు నుంచి వచ్చి చదువుకునే ఒక పిల్లాడు "మా నాన్న మావులు పెట్టి చేపలు పట్టాడు" అని రాశాడు. మావు అన్న మాట నాకు తెలీదు. 'వలలు' అనబోయి తప్పు రాశాడనుకుని కొట్టేసి, పైన 'వలలు వేసి' అని రాసిచ్చాను. నవ్వలేదు, తిట్టలేదు, చాలా మర్యాదగా దిద్దాననే అనుకున్నాను. వాడు పుస్తకం పట్టుకుని నా బల్ల దగ్గరే నిలబడ్డాడు.

"ఏంట్రా?"

"వల కాదండి."

"మరి?"

"వల దారంతో అల్లుతారండి. మావు వెదురు బద్దలతో కడతారండి. లోపలికెళ్ళిన చేప బయటికి రాలేదండి."

అంతసేపు చెప్పినా వాడు తల పైకెత్తలేదు. తప్పు నాదే అయినా భయం మాత్రం వాడిది. మూడో తరగతిలో నాకు నోరు పెగల్లేదు, ఈ పిల్లాడికి పెగిలింది, అంతే తేడా. నా గీతని కొట్టేసి, వాడి మాట మళ్ళీ రాయమన్నాను. నా ఎర్ర పెన్నే ఇచ్చాను గాని వాడు తీసుకోలేదు, తన నీలం పెన్నుతోనే రాసుకున్నాడు.

మర్నాడు సైకిలు వెనక కట్టుకుని పాత మావు ఒకటి బడికి తెచ్చాడు. బద్దలు రెండు విరిగి ఉన్నాయి. చేప ఎటు నుంచి దూరుతుందో, ఎందుకు వెనక్కి తిరగలేదో పిల్లలందరికీ చూపించాడు. నేను వెనక బెంచీలో కూర్చుని, దాని భాగాల పేర్లు వాడు చెబుతుంటే రాసుకున్నాను. రెండు పేర్లు తప్పు రాస్తే వాడే వచ్చి చూసి చెప్పాడు.