చీకటిగది నుంచి తెర మీదికి: ఛాయాచిత్ర సవరణ కళ పరిణామం

ఒక చిత్రంపై మరొక చిత్రాన్ని పొరలుగా పేర్చడం, అక్కరలేని భాగాన్ని తొలగించడం, మసకబారిన అంచులకు పదును పెట్టడం, అక్షరాల వెనుక నీడ పరచడం నేడు చిన్న డీటీపీ కేంద్రంలో సైతం నిత్యకృత్యాలు. గ్రంథాల ముఖచిత్రాలు, ప్రభుత్వ ప్రకటనలు, సినిమా పోస్టర్లు, శుభలేఖలు అన్నీ ఈ ప్రక్రియ ద్వారానే రూపుదిద్దుకుంటున్నాయి. ఈ విద్య 1990లో వెలువడిన ఫోటోషాప్ అనే సాఫ్ట్‌వేర్‌తోనే పుట్టిందన్న అభిప్రాయం వ్యాప్తిలో ఉంది. అయితే ఆ సాఫ్ట్‌వేర్‌లోని పరికరాల పేర్లను పరిశీలించినప్పుడు వాటిలో అనేకం ఫోటోగ్రాఫర్ చీకటిగది నుంచి, ముద్రణాలయం నుంచి, చిత్రకారుని బల్ల మీది నుంచి సంక్రమించినవని తేటతెల్లమవుతుంది. చిత్రాన్ని మార్చగలగడం పాత విద్యే. మార్చిన జాడ మిగలకపోవడమే కొత్త పరిస్థితి. ఈ రెండింటి నడుమ నడచిన చరిత్ర కళాభిమానులకే గాక, ప్రాచీన చిత్రాలను భద్రపరిచే సంస్థలకు కూడా తెలియవలసినది.

గాజు పలకల యుగం

1850ల నాటి కొలోడియన్ గాజు పలకలకు నీలికాంతిని గ్రహించే గుణం అధికం. నేల సరిగా పడేంతసేపు కాంతిని అనుమతిస్తే ఆకాశం తెల్లగా పాలిపోయేది. ఈ లోపాన్ని అధిగమించడానికి ఫ్రెంచి ఛాయాచిత్రకారుడు గుస్తావ్ ల గ్రే 1856-57 ప్రాంతంలో సముద్రాన్ని ఒక నెగటివ్ నుంచి, మేఘాలను మరొక నెగటివ్ నుంచి తీసుకుని ఒకే కాగితంపై ముద్రించాడు. ఒక భాగాన్ని ముద్రించేటప్పుడు రెండవ భాగాన్ని కప్పి ఉంచడం ఇందులోని కిటుకు. నేటి సాఫ్ట్‌వేర్‌లోని 'మాస్క్' చేసే పని సరిగ్గా అదే.

1857లో ఆస్కార్ రేలండర్ ముప్పైకి పైగా నెగటివ్‌లను కూర్చి ఒక నీతిబోధక దృశ్యాన్ని నిర్మించి మాంచెస్టర్ ప్రదర్శనలో ఉంచాడు. మరుసటి సంవత్సరం హెన్రీ పీచ్ రాబిన్‌సన్ ఐదు నెగటివ్‌లతో, మరణశయ్యపై ఉన్న యువతిని, ఆమె చుట్టూ ఉన్న కుటుంబాన్ని చూపే చిత్రాన్ని రూపొందించాడు. అంతటి బాధాకర దృశ్యాన్ని ఛాయాచిత్రంగా చూపడం తగదని నాడు విమర్శ చెలరేగింది. చిత్రకారులు అటువంటి దృశ్యాలను కుంచెతో తరతరాలుగా గీస్తూనే ఉన్నారు. ఫోటో అంటే కళ్లెదుట జరిగినది అన్న నమ్మకమే ఈ తేడాకు మూలం. ఆ నమ్మకమే నేటికీ ఈ కళకు బలమూ, ప్రమాదమూ.

భారతీయుల చేతిలో

భారతదేశంలో ఛాయాచిత్రం ప్రవేశించిన కొద్దికాలానికే కుంచెతో చెలిమి చేసింది. సంస్థానాల ఆస్థాన చిత్రకారులు నలుపు తెలుపు ఫోటోలపై రంగులు పూసి, ఆభరణాలను, జరీ అంచులను తీర్చిదిద్దేవారు. రాజస్థాన్‌లోని నాథద్వారంలో భక్తుల ముఖాలను ఫోటోల నుంచి కత్తిరించి, శ్రీనాథుని సన్నిధిలో నిలిచినట్లు గీసిన దేహాలకు అతికించే సంప్రదాయం వర్ధిల్లింది. అందులో దాపరికం లేదు. చూసేవారికి అది భక్తి చిత్రమని తెలుసు.

1844లో సర్ధానాలో జన్మించి, రూర్కీలో చదివి, ఇండోర్ కొలువు నుంచి సికింద్రాబాద్ చేరిన రాజా దీన్‌దయాళ్ ఆరవ నిజాం మహబూబ్ అలీఖాన్ ఆస్థాన ఛాయాచిత్రకారునిగా ప్రసిద్ధికెక్కాడు. 1905లో ఆయన మరణించే నాటికి స్టూడియోలలో నెగటివ్ 'టచింగ్' ఒక ప్రత్యేక వృత్తిగా స్థిరపడింది. సన్నటి పెన్సిలుతో గాజు పలకపై గీతలు పెడితే అచ్చులో ఆ భాగం లేతపడి ముఖంపై ముడతలు, మచ్చలు మాయమవుతాయి. దీన్‌దయాళ్ స్టూడియోకు చెందిన 2,800కు పైగా గాజు నెగటివ్‌లు న్యూఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రంలో భద్రంగా ఉన్నాయి.

ఛాయాచిత్రాన్ని పుస్తకంలోకి తెచ్చే విద్యలోనూ భారతీయుల పాత్ర చెప్పుకోదగినది. ముద్రణ యంత్రం నలుపు సిరాను మాత్రమే అద్దగలదు, బూడిదరంగును అద్దలేదు. చిన్న, పెద్ద చుక్కలతో ఆ భ్రమను కలిగించేది హాఫ్‌టోన్ పద్ధతి. కలకత్తాలో ఉపేంద్రకిశోర్ రాయ్ చౌధురి (1863-1915) ఈ పద్ధతిపై స్వయంగా పరిశోధనలు జరిపి, బ్రిటన్‌లో వెలువడే పెన్‌రోజ్ వార్షిక సంచికలో వ్యాసాలు ప్రకటించాడు. నాడు ముద్రణకారులు కంటికి కనిపించకుండా చేయడానికి శ్రమించిన ఆ చుక్కలను నేటి డిజైనర్లు పాతకాలపు శోభ కోసం కావాలనే తెరపై సృష్టిస్తున్నారు.

పేర్లలో దాగిన చరిత్ర

చీకటిగదిలో ఎన్‌లార్జర్ కింద కాగితంపై కాంతి పడుతుండగా, తీగ చివర అట్టముక్కను అడ్డుపెట్టి ఒక భాగం నల్లబడకుండా కాపాడడాన్ని 'డాడ్జింగ్' అంటారు. వేళ్ల సందు నుంచి అదనపు కాంతిని పంపి మరొక భాగాన్ని నల్లబరచడం 'బర్నింగ్'. ఫోటోషాప్‌లో ఈ రెండు పరికరాల గుర్తులు నేటికీ ఆ అట్టముక్క, ఆ చేయి.

'అన్‌షార్ప్ మాస్క్' అన్న పేరు విన్నవారికి వింతగా తోస్తుంది. పదును పెట్టే పరికరానికి మసక అన్న పేరెందుకు? పూర్వం నెగటివ్ నుంచి కొద్దిగా మసకగా ఉండే పాజిటివ్‌ను తయారుచేసి, రెండింటినీ జతపరచి ముద్రించేవారు. అప్పుడు స్థూలమైన వెలుగునీడల వ్యత్యాసం తగ్గి, సూక్ష్మమైన అంచులు ప్రస్ఫుటమయ్యేవి. కంప్యూటర్ సైతం అసలు చిత్రం నుంచి దాని మసక నకలును తీసివేసి, మిగిలిన తేడాను తిరిగి అసలుకు చేర్చుతుంది.

అంకెలుగా మారిన చిత్రం

1957లో అమెరికా జాతీయ ప్రమాణాల సంస్థలో రసెల్ కిర్ష్ తన పసిబిడ్డ ఫోటోను 176 వరుసలు, వరుసకు 176 బిందువులుగా విడగొట్టి కంప్యూటర్‌లోకి ఎక్కించాడు. చిత్రం అంకెల పట్టికగా మారిన తరువాత దానిని గణితంతో మలచవచ్చు. 1970ల చివర ఎడ్ క్యాట్‌మల్, ఆల్వీ రే స్మిత్ ప్రతి బిందువుకూ రంగుతో పాటు పారదర్శకతను తెలిపే అంకెను జోడించారు. దానికి 'ఆల్ఫా చానెల్' అని పేరు. 1984లో థామస్ పోర్టర్, టామ్ డఫ్ ఒక చిత్రాన్ని మరొకదానిపై పరిచే గణిత సూత్రాలను క్రమబద్ధం చేశారు.

మిషిగన్ విశ్వవిద్యాలయ పరిశోధక విద్యార్థి థామస్ నాల్ 1987లో ప్రారంభించిన ప్రోగ్రామును, సినిమా మాయాదృశ్యాల సంస్థలో పనిచేస్తున్న ఆయన సోదరుడు జాన్ నాల్ కలసి విస్తరింపజేశారు. వారి తండ్రికి ఇంట్లోనే చీకటిగది ఉండేది. అడోబీ సంస్థ దానిని 1990 ఫిబ్రవరిలో ఫోటోషాప్‌గా విడుదల చేసింది. 1994లో 'లేయర్లు' వచ్చి చేరాయి. అక్షరాల వెనుక నీడ కావాలంటే అక్షరాల నకలును నల్లగా చేసి, మసకబరచి, కొద్దిగా పక్కకు జరిపి, కింది పొరగా ఉంచి, 'మల్టిప్లై' పద్ధతిలో కలుపుతారు. ఈ పద్ధతిలో రెండు పొరల కాంతి విలువలు గుణించబడతాయి. రెండూ సగం వెలుగు గలవైతే ఫలితం నాలుగవ వంతు. రెండు పారదర్శక చిత్రాలను ఒకదానిపై ఒకటి ఉంచి దీపం ముందు చూసినప్పుడు జరిగేదీ ఇదే.

తెలుగు నాట

తెలుగు సినిమా పోస్టర్ ఈ పరిణామానికి ప్రత్యక్ష సాక్షి. పూర్వం నటీనటుల ఫోటోలను కత్తిరించి, అతికించి, అతుకులపై రంగులు వేసి, పేరును చేతితో రాసేవారు. పాలకొల్లులో జన్మించిన ఈశ్వర్ వంటి కళాకారులు ఆ తరానికి ప్రతినిధులు. 2000ల అనంతరం ఫ్లెక్సీ ముద్రణ వ్యాపించడంతో ఊరూరా బ్యానర్లు రాసే చిత్రకారుల జీవనోపాధి దెబ్బతిన్నది. తెలుగు లిపికి కూడా తొలినాళ్లలో ఇక్కట్లు తప్పలేదు. ఒత్తులు, గుణింతాలు సరిగా అమరని కారణంగా, ఇంగ్లీషు అక్షరాల స్థానాలలో తెలుగు రూపాలను నింపిన ఫాంట్లను వాడేవారు. తెలుగు 1991లోనే యూనికోడ్‌లో చేరినా ఆ అలవాటు చాలాకాలం సాగింది. ఆనాటి పేజీలలో ఎన్నో కంటికి తెలుగుగా, కంప్యూటర్‌కు అర్థంలేని ఇంగ్లీషు అక్షరాలుగా మిగిలిపోయాయి.

నమ్మకం నిలిచే చోటు

సవరణను అధికారం కోసం వాడుకోవడమూ పాతదే. మాస్కో కాలువ గట్టున స్టాలిన్ పక్కన నడిచిన యెజోవ్, 1940లో మరణశిక్షకు గురైన అనంతరం ఆ ఫోటో నుంచి కూడా మాయమయ్యాడు. ఆ పని చేతితోనే జరిగింది. 1982 ఫిబ్రవరి నేషనల్ జియోగ్రాఫిక్ సంచిక ముఖచిత్రంలో గీజా పిరమిడ్లు నిలువు పేజీలో ఇమడటానికి కంప్యూటర్ సాయంతో దగ్గరకు జరపబడ్డాయి. 1994 జూన్‌లో టైమ్ పత్రిక నిందితుడైన ఒక నల్లజాతీయుని ముఖాన్ని మరింత నల్లబరచి ప్రచురించి తీవ్ర నిరసనను ఎదుర్కొంది. ఇందుకు భిన్నంగా వివాన్ సుందరం 2001-02లో తన తాత ఉమ్రావ్‌సింగ్ షేర్‌గిల్ తీసిన కుటుంబ చిత్రాలను కంప్యూటర్‌పై కలిపి, వేర్వేరు కాలాలకు చెందినవారిని ఒకే గదిలో నిలిపాడు. అది కల్పన అని శీర్షికే చెబుతున్నందున అక్కడ మోసానికి తావులేదు.

2023లో ఫోటోషాప్‌లో మాటల నుంచి చిత్రాలను సృష్టించే కృత్రిమ మేధ ప్రవేశించింది. నాలుగు మాటలు రాస్తే లేని వస్తువును చిత్రంలో నిలిపే సౌలభ్యం ఏర్పడింది. చిత్రంలో జరిగిన మార్పులను ఆ చిత్రంతోనే నమోదు చేసి ఉంచే ప్రమాణాల రూపకల్పనకు 2021లో కొన్ని సంస్థలు ఏకమయ్యాయి.

గాజు పలకను వెలుగుకెత్తి చూస్తే పెన్సిలు గీత కనిపిస్తుంది. అది సవరణే అయినా తనను తాను దాచుకోదు. అంకెల చిత్రంలో అటువంటి గీత తనంతట మిగలదు. దానిని మిగల్చడం మనిషి బాధ్యత. పాత చిత్రాలను పునరుద్ధరించే సంస్థలు అసలు ప్రతిని తాకక, నకలుపై విడి పొరలలో పనిచేసి, చేసిన మార్పులను రాసి భద్రపరచాలి. అందుకు కావలసిన సౌకర్యం ఆ సాఫ్ట్‌వేర్‌లోనే ఉంది. ముందు తరాలవారు చీలిన గాజు పలకను చీలికతో సహా చూడగలిగినప్పుడే అది చరిత్రకు ఆధారంగా నిలుస్తుంది.