అద్దె యింట గంజాయి: గృహయజమాని నేరబాధ్యత

తన యిల్లు గాని, గది గాని, ఆవరణ గాని మాదకద్రవ్య నేరమునకు నెలవగుచున్నదని యెరిగియుండి అందుల కనుమతించిన యజమానిపై శాసనము మోపు బాధ్యత యిది. భారతదేశమున దీనికి ఆధారము 1985 నాటి మాదకద్రవ్య నిరోధక చట్టము, అనగా వ్యవహారమున ఎన్.డి.పి.ఎస్. చట్టముగా ప్రసిద్ధమైన దాని 25వ సెక్షను.

ఖమ్మము నుండి 2016 అక్టోబరు 11న విడివడిన భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలో ఈ బాధ్యతకు ప్రాముఖ్యము కలిగించినది దారియే. మల్కన్‌గిరి, సీలేరు అడవులలో చాటుమాటుగా పండించు గంజాయి సీలేరు దారినో కుంట దారినో చింతూరు చేరి, భద్రాచలమున గోదావరి వంతెన దాటి, హైదరాబాదునకును అటుపై మహారాష్ట్రమునకును పోవుచుండును. వంతెనకడ తనిఖీ ముమ్మరమైనప్పుడు సరకునకు కొన్నాళ్లు తలదాచుకొనుటకు నాలుగు గోడలు కావలెను. శ్రీరామనవమికిని ముక్కోటికిని వేలాదిగా యాత్రికులు దిగు భద్రాచల క్షేత్రమున క్రొత్తముఖము వింత కాదు. గది అడిగినవానిని ఊరు పేరు విచారింపకుండుట యజమానుల కలవాటైపోయినది.

శిక్ష విషయమున శాసనము యజమానిని వేరుగా చూడదు. అసలు నేరమున కెంత శిక్షయో అతనికిని అంతే. ఎండుగంజాయి కిలోకు మించనిచో ఏడాది వరకు కఠిన కారాగారము. ఇరువది కిలోలు దాటినచో పది మొదలు ఇరువది యేండ్లు, లక్షకు తక్కువ కాని జరిమానా, పైగా బెయిలు మిక్కిలి దుర్లభము. గోధుమరంగు టేపు చుట్టి, అదిమి కట్టిన రెండేసి కిలోల పొట్లములు పదునొకండున్న చాలును, మంచము క్రింది చోటు ఆ పరిమితిని దాటిపోవును.

అయితే సరకు దొరికినంత మాత్రమున యజమాని దోషి కాడు. ఇంగ్లండులో ఒక ఉపాధ్యాయురాలు అద్దెకిచ్చిన పల్లెయింట కిరాయిదార్లు గంజాయి త్రాగుచుండగా, ఆ సంగతి యెరుగని ఆమెకు పడిన శిక్షను 1969లో ప్రభువుల సభ కొట్టివేసినది. మన సుప్రీంకోర్టు సైతము 2011లో భోలాసింగ్ కేసున, లారీ యజమాని యెరుకను ప్రాసిక్యూషను ముందుగా నిరూపింపవలెననియు, అటుపిమ్మటనే 35వ సెక్షను చెప్పు, దోషబుద్ధి కలదను ఊహ అతనిపై వ్రాలుననియు తీర్పు చెప్పినది. లారీకి చెప్పిన న్యాయము ఇంటికిని చెల్లును, 25వ సెక్షను ఇంటికిని వాహనమునకును ఒకటే గనుక. చేనిలో గంజాయి అక్రమముగా సాగైనచో వెంటనే తెలుపవలెనని 46వ సెక్షను భూమిదారును శాసించుచున్నది. ఇంటి యజమానికి మాత్రము అట్టి స్పష్టమైన విధిని ఆ చట్టము వ్రాయలేదు. ఈ యెడము విచిత్రమే.

ఎరుకయన్నది సాక్షులు చూచినది కాదు, పరిస్థితుల నుండి తేల్చవలసినది. వాడుక రేటుకు రెట్టింపు కిరాయి, ఆరునెలల ముందస్తు, పగలెల్ల తాళము, రాత్రి ఆటోల రాక, వీనినన్నిటిని చూచుచు మిన్నకున్న యజమానికి తెలియదను మాట నమ్మించుట కష్టము. ఇక ఏజెన్సీలో, అనగా షెడ్యూల్డు గిరిజన ప్రాంతమున, మరియొక చిక్కు కలదు. 1970లో సవరింపబడిన 1959 నాటి భూబదలాయింపు నిబంధన లీజును సైతము బదలాయింపుగనే యెంచి, గిరిజనేతరులకు ఆస్తి పోకుండ నిషేధించుచున్నది. అందుచే ఇచట వ్రాతకు జంకుట, నోటిమాటతో గది అప్పగించుట సహజము. తీరా విచారణ వచ్చినప్పుడు, గది యెవరి స్వాధీనమున నుండెనో చూపుటకు నిర్దోషియైన యజమాని చేతిలో కాగితపు ముక్కయైనను ఉండదు. కిరాయిదారు గుర్తింపు కార్డు నకలు, బ్యాంకు ద్వారా పుచ్చుకొన్న అద్దె, అనుమానము పుట్టిననాడే ఠాణాకిచ్చి రసీదు పొందిన అర్జీ, ఈ మూడే అట్టివానికి అక్కరకు వచ్చు సాక్ష్యములు.